మామిడి కాబ్లర్: పైన ఎర్రగా కాలినా అడుగున పిండి పచ్చిగా ఉంటే

మామిడి కాబ్లర్ (మామిడి ముక్కల మీద మైదా పిండి ముద్దలు పరిచి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) చెడిపోయిందని చెప్పేవారిలో ఎక్కువ మంది ముందు మైదాను, తరువాత బేకింగ్ పౌడర్‌ను, చివరికి ఓవెన్‌ను తప్పుపడతారు. పాత్ర నడిమిభాగంలో చెంచా దించి, పైపొరను కాస్త ఎత్తి, దాని అడుగు ఎలా ఉందో మాత్రం చూడరు. అర నిమిషం పట్టే ఆ పరీక్షను వదిలేసి కొలతలు మార్చుకుంటూ పోతే మంచి పండ్లు వృథా అవుతాయి. కాబట్టి కింద చెప్పిన ఏ మార్పు చేసే ముందైనా పైపొరను ఎత్తి చూడండి.

ఇక్కడ లెక్క 8 అంగుళాల చదరపు పాత్రకు. అడుగున 4 కప్పుల బంగినపల్లి ముక్కలు, పావు కప్పు పంచదార, 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం. పైపొరకు ఒకటింబావు కప్పు మైదా, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, 60 గ్రాముల చల్లని వెన్న, 2 టేబుల్ స్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు, అర కప్పు పాలు. అమెరికాలో పీచ్ పండ్లతో ఎక్కువగా చేసే ఈ వంటకాన్ని మామిడికి మార్చుకున్నప్పుడు నిమ్మరసం మానకూడదు, ఎందుకంటే బాగా పండిన బంగినపల్లిలో ఆ పులుపు ఉండదు.

పైన ఎర్రగా, అడుగున జిగురుగా

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టిన లోపం ఇదే. ఒక వేసవిలో బంధువులు భోజనానికి వస్తున్నారని ముందురోజు రాత్రే ముక్కలు తరిగి, పంచదార కలిపి, ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాడు ఓవెన్‌లో 35 నిమిషాలకు పైపొర బూరె రంగుకు తిరిగింది, వెన్న వాసన ఇల్లంతా నిండింది. వడ్డించబోయి చెంచా దించితే, పైన అర అంగుళం మందాన చక్కగా కాలిన పొర, దాని కింద తెల్లగా చెంచాకు తీగలా సాగే పచ్చి పిండి కనిపించాయి. రెండోసారి మరో పది నిమిషాలు ఉంచితే పైభాగం మాడింది కానీ అడుగు మారలేదు. మూడోసారి బేకింగ్ పౌడర్ పెంచితే చేదు వచ్చింది. ఆ మూడుసార్లూ పండ్ల ముక్కలు ఫ్రిజ్‌లోంచి నేరుగా పాత్రలోకి వెళ్లాయన్న సంగతి నాకు తట్టనే లేదు.

పైన పరిచే పిండి రెండు వైపుల నుంచి ఉడుకుతుంది: పైనుంచి ఓవెన్ వేడి, కిందినుంచి పండ్ల రసం మరిగి పైకి లేచే ఆవిరి. పండులో ఎక్కువ భాగం నీరే కాబట్టి చల్లని ముక్కలు మరగడానికి చాలాసేపు పడుతుంది, గాజు పాత్రయితే అది వేడెక్కడమే ఆలస్యం. ఈలోగా పైభాగం కాలిపోతుంది, అడుగుభాగం మాత్రం చల్లని రసాన్ని పీల్చుకుని ముద్దగా మిగిలిపోతుంది. పైగా రాత్రంతా పంచదారలో నానిన ముక్కలు ఆవకాయ ముక్కల్లాగే ఊట దించుతాయి కనుక పిండి కిందకు చేరే నీరు ఇంకా పెరుగుతుంది.

దీనికి పరిష్కారం పండును ముందే పొయ్యి మీద వేడి చేయడం. ముక్కలు, పంచదార, కార్న్‌ఫ్లోర్, నిమ్మరసం మందపాటి గిన్నెలో కలిపి, అడుగంటకుండా తిప్పుతూ, కుతకుతమని ఉడికి రసం చిక్కబడే వరకు ఉంచండి. ఆ తరువాత ఒక్క నిమిషం చాలు, ఎక్కువసేపైతే ముక్కలు గుజ్జవుతాయి. పైపిండి అప్పటికే సిద్ధంగా ఉండాలి. ఉడికిన పండును పాత్రలో పోసిన వెంటనే పిండిని చెంచాతో ముద్దలు ముద్దలుగా వేసి, ఆవిరి బయటికి రావడానికి మధ్యమధ్య ఖాళీలు వదిలి, ముందే 190 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రలో మాత్రం వేడి రసం పోయకండి, పగిలే ప్రమాదం ఉంది.

అరగంట తరువాత అంచుల్లో బుడగలు కనిపించినంత మాత్రాన దించవద్దు. నడుమ ఖాళీల్లోంచి కూడా చిక్కని బుడగలు నెమ్మదిగా లేవాలి. పైపొరను ఎత్తితే దాని లోపలి భాగం విరిచిన ఇడ్లీలా గుల్లగా కనిపించాలి. థర్మామీటర్ ఉన్నవారికి ముద్ద నడుమ 93 డిగ్రీలు గుర్తు.

రసం నీళ్లలా పారితే

ముందుగా, దించి ఎంతసేపైందో చూసుకోండి. కార్న్‌ఫ్లోర్ చిక్కబడేది మరిగినప్పుడే అయినా, రసం గట్టిగా నిలిచేది చల్లారుతున్నప్పుడు. కనీసం అరగంట ఆగకుండా వడ్డిస్తే పారక తప్పదు. అరగంట ఆగినా పారితే రసం మరగలేదన్నమాట, దానికి మందు పైన చెప్పినదే. చిన్న రసాలు, పెద్ద రసాలు జుర్రుకుని తినడానికే బాగుంటాయి. ఈ వంటకానికి పీచు లేని, కోస్తే ముక్క నిలిచే బంగినపల్లి కావాలి, అదీ మరీ మెత్తబడకముందు. డబ్బాల్లో అమ్మే మామిడి గుజ్జు దీనికి పనికిరాదు.

పైపొర గట్టిబడితే

చపాతీ పిండిలా పిసకడమే కారణం. పాలు పోశాక తడి, పొడి కలిసే వరకు మాత్రమే కలిపి ఆపేయాలి. మే నెలలో మన వంటిళ్లలో వెన్న చేతిలోనే కరిగిపోతుంది కనుక మైదాను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, వేళ్ల కొసలతో త్వరగా కలపండి.

పిండి పొంగకపోతే ఒక చెంచా బేకింగ్ పౌడర్‌ను వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసమని పొంగకపోతే కొత్త డబ్బా తెచ్చుకోండి. పైభాగం పాలిపోయి ఉంటే ఓవెన్‌లో పై రాడ్డు వెలుగుతోందో లేదో చూసుకోండి. చేదు అరుదుగా వస్తుంది, అదీ బేకింగ్ పౌడర్ ఎక్కువైనప్పుడో, తొడిమ దగ్గరి సొన ముక్కలకు అంటినప్పుడో. తొడిమ వైపు అర అంగుళం కోసి పారేసి, చాకు కడిగాక మిగతా పండు తరగండి.