స్క్రీన్ పగిలితే ముందు ఏం చూడాలి?

ఫోన్లు బాగుచేయడం నా పని. స్క్రీన్ పగిలిందని కంగారుగా వచ్చేవాళ్లలో కొందరికి నిజానికి పగిలింది పైన అతికించిన టెంపర్డ్ గ్లాసే. ముందు దాన్ని ఓ మూల నుంచి మెల్లగా లేపి చూడండి. పగులు దాంతోపాటే వచ్చేస్తే ఇక టెన్షన్ లేదు.

రాలేదా, వెంటనే బ్యాకప్ తీసుకోండి. ఈ రోజు పనిచేసిన టచ్ రేపు పనిచేయకపోవచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ కొట్టడం కూడా కష్టమే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓటీజీతో (ఛార్జింగ్ పోర్టుకు యూఎస్‌బీ పరికరాలు తగిలించే చిన్న అడాప్టర్) మౌస్ తగిలించుకోవచ్చు కానీ, బొమ్మ కనబడుతుంటేనే.

ఇప్పుడు తెర నిండా తెల్ల బొమ్మ పెట్టి మచ్చలు, చారలు ఉన్నాయేమో చూడండి. ఒక యాప్ ఐకాన్‌ను నొక్కిపట్టి తెరంతా తిప్పండి. వేలి కింద నుంచి ఎక్కడ జారిపోతే అక్కడ టచ్ పోయినట్టే. నల్ల మచ్చ రోజురోజుకీ పెరుగుతుంటే డిస్‌ప్లే మార్చాల్సిందే.

బొమ్మా టచ్ బాగున్నాయి, పైగాజు ఒక్కటే పగిలింది అనుకుందాం. గాజు మాత్రం మార్చడం వినడానికి చవకే. కానీ ఇప్పటి ఫోన్లలో చాలావాటికి గాజు, డిస్‌ప్లే పారదర్శకమైన జిగురుతో ఒకటిగా అతుక్కుని ఉంటాయి. వేడి చేసి, సన్నటి తీగతో ఆ జిగురును కోస్తూ విడదీయాలి. కొత్త గాజును దుమ్ము రేణువు, గాలి బుడగ లేకుండా అతికించాలి. ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం డిస్‌ప్లే) అయితే ఆ కోతలోనే ప్యానెల్ పోవచ్చు. పోతే ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. సరైన మెషిన్ లేనిచోట ఈ పనికి నేనైతే ఫోన్ ఇవ్వను.

గాజు, డిస్‌ప్లే కలిసిన మొత్తం కాంబో మారుస్తామంటే, ఒరిజినలా కాపీయా అని అడగండి. ఓఎల్ఈడీ ఫోన్‌కు చవక ఎల్‌సీడీ (వెనక లైటుతో వెలిగే రకం) వేస్తే చీకట్లో నలుపు బూడిద రంగులో మెరుస్తుంది, తెర కింది వేలిముద్ర సెన్సర్ సాధారణంగా పనిచేయదు. డబ్బులిచ్చే ముందే ఈ రెండూ చూసుకోండి. ఒక కాల్ కూడా చేసి, చెవి దగ్గర పెట్టగానే తెర ఆరుతోందో లేదో గమనించండి.

మూలన చిన్న పగులే అయితే పైన స్క్రీన్ గార్డ్ వేసి వాడుకోండి, తొందరేం లేదు. తెర అంచు పైకి లేచి ఉంటే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో చూపించండి, అంతవరకు ఛార్జింగ్ పెట్టకండి. ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి, రిపేరు ఖర్చు దాని ధరలో సగం దాటుతుంటే నేను వద్దనే చెబుతాను.

రిపేరు చేయిస్తే, నీళ్లు లోపలికి పోకుండా ఆపే అంచుల సీల్ కొత్తది వేయమనండి. వేసినా, నీళ్ల దగ్గర మునుపటి ధీమా పెట్టుకోకండి.