అమరం కుంగి అణియం లేచే చిన్న బోటుకు

వెనుక అంచుకు బయట ఔట్‌బోర్డ్ మోటారు బిగించిన చిన్న ఫైబర్ బోటు వేగం అందుకోగానే అణియం, అంటే ముందు కొస, పైకి లేచి ముందున్న నీళ్లు కనబడకుండా చేస్తుంటే, మోటారును తప్పుపట్టే ముందు అమరంలో, అంటే వెనుక భాగంలో, ఏమేమి చేరాయో చూడండి. మోటారు, దాన్ని నడిపే మనిషి, పెట్రోలు డబ్బా, ఐసు పెట్టె, అన్నీ అక్కడే ఉంటాయి. నిండిన 25 లీటర్ల డబ్బాలో పెట్రోలే సుమారు 18 కిలోలు తూగుతుంది. మోటారుకు పెట్రోలు అందించే గొట్టం లాగినట్టు కాకుండా అందినంత దూరం ఆ డబ్బాను ముందుకు జరిపి, ఐసు పెట్టెను బోటు నడిమికి తెచ్చి, రెండింటినీ దొర్లకుండా తాడుతో కట్టాలి. బరువు మరీ ముందుకు పోతే అణియం అలలోకి గుచ్చుకుంటుంది కనుక, ఒక్కొక్కటే జరుపుతూ, ఒడ్డు దగ్గరి నిలకడ నీటిలో రెండు పక్కలా బోటు సమానంగా మునిగిందో లేదో చూసుకోవడం మంచిది. అడుగున నిలిచిన నీటిని మాత్రం తప్పక తోడేయండి. బోటు ఎటు ఒరిగితే ఆ నీరు అటే పరుగెత్తి ఒరుగును ఇంకా పెంచుతుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే. ఇంత చేశాక కూడా అణియం లేస్తుంటే, మోటారు ఆపి, దాని వాలును నిలిపే పిన్నును బోటు వైపుకు ఒక్క రంధ్రం జరపండి.