వేరువేరు కంపెనీల భాగాలతో హై-పవర్ రాకెట్ మోటారు కూర్చే ముందు: విశాఖ విద్యార్థులకు జాగ్రత్తలు

జూన్‌లో అమెరికాలో జరిగే ఐఆర్‌ఈసీ వంటి విద్యార్థి రాకెట్ పోటీలకు సిద్ధపడే పిల్లలు విశాఖలో ఉండగానే మొదలుపెట్టే పనుల్లో మోటారు కేసుల (ఘన ఇంధనం లోపల మండే లోహపు గొట్టాల) సేకరణ ఒకటి. ఇంధనం ఇక్కడికి రాదు, రాకూడదు కూడా. ఖాళీ అల్యూమినియం కేసు మాత్రం రావచ్చు. అక్కడ చదువుకుంటున్న అన్నయ్య సెలవులకు వస్తూ పాతదొకటి తెస్తాడు, సీనియర్లు వదిలివెళ్ళిన క్లోజరు (కేసు కొసను మూసే బిరడా) ల్యాబు బీరువాలో దొరుకుతుంది, మరొకరి దగ్గర నాజిల్ (వేడి వాయువు బయటికి దూసుకొచ్చే సన్న గొంతు భాగం) ఉంటుంది. మూడూ 54 మిల్లీమీటర్లవే, కానీ మూడూ మూడు కంపెనీలవి. వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసుకుంటున్న సమయంలోనే ఈ జాగ్రత్తలు చదవాలని నా కోరిక.

ముందుగా హద్దు చెప్పుకోవాలి. విశాఖలో మీరు చేయదగినది ఖాళీ భాగాల కొలతలు తీయడం, శుభ్రం చేయడం, కాగితాలు సరిచూడడం, ఇంధనం లేకుండా కూర్చి విప్పడం సాధన చేయడం, అంతవరకే. అనుమతి లేకుండా ప్రొపెల్లెంటును (రాకెట్ ఇంధనాన్ని) గానీ నల్ల తుపాకిమందును గానీ తయారు చేయడం, దాచడం 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, 2008 నాటి నిబంధనల కింద నేరం. పైగా మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు, నౌకాదళ విమాన స్థావరం కూడా ఇక్కడే ఉంది. భీమిలి వైపు ఎంత ఖాళీ ఇసుక కనిపించినా అది ప్రయోగ స్థలం కాదు.

ఇక అసలు విషయం. అమర్చగలగడం వేరు, సరిపోవడం వేరు. ప్రమాదాలకు దారి ఈ రెంటినీ ఒకటనుకోవడంలోనే ఉంది.

ఏరోటెక్ కంపెనీ రీలోడబుల్ పద్ధతిలో (కేసు పాతదే ఉంచుకుని, ప్రతిసారీ రీలోడ్ అనే కొత్త ఇంధన సామగ్రి నింపే పద్ధతి) కేసుకు రెండు కొసలా మరలుంటాయి; లైనరు (కేసుకు వేడి తగలకుండా లోపల ఉండే గొట్టం), ఇంధన గ్రెయిన్లు (దిమ్మలు), నాజిల్, ఓ-రింగులు (వాయువు కారకుండా ఆపే రబ్బరు వలయాలు), డిలే (పారాచూట్ విడుదలను కాసేపు ఆపే ముక్క) అన్నీ వాడేవారే వరుసలో పేర్చి రెండు వైపులా క్లోజర్లు బిగిస్తారు. సెసరోని కంపెనీ ప్రో-38 వంటి వాటిలో గ్రెయిన్లు, లైనరు, నాజిల్ ముందుగానే ఒక గొట్టంగా కూర్చి వస్తాయి. దాన్ని కేసులోకి దూర్చి వెనుక మర బిగిస్తే పని పూర్తవుతుంది. ‘లోకి’ అనే కంపెనీ కేసుల్లో మరలకు బదులు గాడిలో కూర్చునే సర్‌క్లిప్పులు (స్ప్రింగు వలయాలు) పీడనాన్ని మోస్తాయి. కొలతలకు పెట్టే పేర్లలోనూ తేడా ఉంది: ఏరోటెక్ కేసు మీద 38/720 అని ఉంటే 38 మిల్లీమీటర్ల వ్యాసం, 720 న్యూటన్-సెకండ్ల సామర్థ్యం (మోటారు ఇచ్చే మొత్తం తోపు కొలత) అని అర్థం, సెసరోని కేసులను మాత్రం ఎన్ని గ్రెయిన్లు పడతాయో దాన్ని బట్టి పిలుస్తారు. కాబట్టి వ్యాసం అంకె ఒకటైనంత మాత్రాన లోపలి పొడవు, ఓ-రింగు గాడి లోతు, మర అంతరం (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం) ఒకటే అనుకోకూడదు.

మర విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా ఏళ్ళు ప్రెజర్ వెసెళ్ళ (లోపల అధిక పీడనం ఉండే పాత్రల) తనిఖీ చేసినవాడిగా నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. రెండు మరల అంతరంలో స్వల్ప తేడా ఉన్నా అల్యూమినియం మెత్తని లోహం కనుక మొదటి రెండు చుట్లు సాఫీగానే తిరుగుతాయి. కొంతకాలం క్రితం ఒక బృందం తెచ్చిన క్లోజరు అలాగే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. పిల్లవాడు పానా అందుకోబోతే చేయి పట్టుకుని ఆపాను. విప్పి భూతద్దంలో చూస్తే మొదటి మర అంచు అప్పటికే నలిగి చదునైంది. ఇంకో అరచుట్టు బలవంతంగా తిప్పి ఉంటే అది గట్టిగా బిగిసినట్టే కనిపించేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మోటారు మండేటప్పుడు లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోల వరకు చేరవచ్చు. అది లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు ఎనిమిది రెట్లు. 54 మిల్లీమీటర్ల కేసులో ఆ లెక్కన క్లోజరు మీద పడే తోపు దాదాపు 1,300 కిలోలు. అంత తోపును నలిగిన రెండు మరలు ఆపలేవు.

నాజిల్ గొంతు విషయంలో పొరపాటు కంటికి అసలు కనిపించదు. లోపలి పీడనాన్ని నిర్ణయించేది మండుతున్న ఇంధన ఉపరితలానికీ గొంతు విస్తీర్ణానికీ మధ్య ఉన్న నిష్పత్తి. ఇంధనం మండే వేగం పీడనంతో పాటు పెరుగుతుంది కాబట్టి గొంతు కొంచెం సన్నబడితే పీడనం అంతకు మించి ఎగబాకుతుంది. 10 మిల్లీమీటర్లు ఉండవలసిన గొంతు 9.5 మిల్లీమీటర్లే ఉందనుకోండి, తేడా అర మిల్లీమీటరే, కానీ విస్తీర్ణం పదో వంతు తగ్గింది. పీడన ఘాతాంకం (పీడనంతో మండే వేగం ఎంతగా పెరుగుతుందో చెప్పే అంకె) 0.4 ఉన్న ఇంధనానికి లెక్క వేస్తే పీడనం 19 శాతం దాకా పెరుగుతుంది. అందుకే ఒక రీలోడ్‌తో వచ్చిన నాజిల్‌ను మరో రీలోడ్‌కు, అది అదే కంపెనీదైనా సరే, వాడకూడదు. లైనరు పొట్టిదైతే వేడి వాయువు ఓ-రింగును చేరుతుంది. 6061 రకం అల్యూమినియం 200 డిగ్రీలు దాటేసరికే బలం కోల్పోతుంది, లోపల మంట వేడి రెండు వేల డిగ్రీలకు పైమాటే. మధ్యలో ఉన్న ఆ పలుచని లైనరు గొట్టమే కేసును కాపాడుతోంది.

అయితే వేరువేరు కంపెనీల భాగాలు కలపడం పూర్తిగా నిషిద్ధమా అంటే కాదు. డాక్టర్ రాకెట్, రౌస్‌టెక్ పేర్లతో వచ్చిన కేసులు ఏరోటెక్ అనుమతితో, ఆ రీలోడ్‌ల కోసమే తయారైనవి. పొడవైన కేసులో చిన్న రీలోడ్ వాడేందుకు కంపెనీలే స్పేసర్లు (ఖాళీని నింపే ముక్కలు) అమ్ముతాయి. ఇక్కడ ప్రమాణం ఒక్కటే: రీలోడ్‌తో వచ్చిన సూచనల కాగితంలో గానీ, నార్, ట్రైపోలీ, కెనడా రాకెట్ సంఘాల సర్టిఫికేషన్ పత్రంలో గానీ ఆ కేసు పేరు స్పష్టంగా ఉండాలి. మోటారుకు పరీక్ష చేసి ధ్రువీకరణ ఇచ్చేది పేర్కొన్న కేసుతో కలిపే. పత్రంలో లేని జోడీ, ఎవరో పదిసార్లు ఎగరవేశామన్నా, మీకు పనికిరాదు.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకుందామన్న ఆలోచన ప్రతి బృందానికీ ఒకసారి వస్తుంది. అక్కడి పనివాళ్ళ చేతి నేర్పు మీద నాకు ఎంతో గౌరవం ఉంది. నమూనా ఇస్తే అచ్చం అలాంటిదే చేసిపెడతారు. కానీ నమూనా చూసి చేసిన క్లోజరుకు ఏ మిశ్రమలోహం వాడారో, దానికి ఏ ఉష్ణోపచారం జరిగిందో కాగితం ఉండదు, పరీక్ష ఉండదు. రాకెట్‌లో రెక్కల బ్రాకెట్లు, నోస్‌కోన్ రింగులు వారి చేతనే చేయించండి. పీడనం మోసే భాగం ఒక్కటి కూడా చేయించవద్దు.

సముద్రపు గాలి గురించి ఒక మాట. కడిగి ఆరబెట్టని కేసు ఇక్కడి ఉప్పు తేమలో ఒక వర్షాకాలం ఉంటే ఆనోడైజింగ్ (అల్యూమినియం మీది రక్షణ పొర) గీసుకుపోయిన చోటల్లా తెల్లని పొడి తేలి చిన్న గుంటలు పడతాయి, అవి ఓ-రింగు కూర్చునే చోట పడితే ఆ కేసును పక్కన పెట్టవలసిందే. సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాక పలుచగా గ్రీజు రాసి, సిలికా జెల్ పొట్లంతో మూతపెట్టే డబ్బాలో ఉంచండి. ఇసుకకాగితంతో ఎప్పుడూ రుద్దకండి. పాత ఓ-రింగులను పొదుపు కోసం దాచుకోకండి. ప్రతి కూర్పుకూ రీలోడ్‌తో వచ్చిన కొత్తవే వాడాలి. ప్రయాణంలో కేసును మెరిసేలా శుభ్రం చేసి చెక్-ఇన్ సామానులో పెట్టండి, విమాన సంస్థను ముందుగా అడగండి. రీలోడ్‌లు, ఇగ్నైటర్లు (మోటారును అంటించే పరికరాలు), నల్ల తుపాకిమందు అక్కడే, లైసెన్సు ఉన్న విక్రేత దగ్గర కొనాలి.

అక్కడ మోటారు కూర్చే అధికారం కూడా అందరికీ ఉండదు. మోటారు సామర్థ్యాన్ని బట్టి అక్షరాలతో పిలిచే తరగతుల్లో హెచ్, ఐ తరగతులకు లెవెల్ 1, జె నుంచి ఎల్ వరకు లెవెల్ 2, ఎం నుంచి ఓ వరకు లెవెల్ 3 సర్టిఫికేషన్ ఉన్నవారు ఉండాలి. మీ బృంద మార్గదర్శి పక్కన కూర్చోనిదే రీలోడ్ పొట్లం విప్పకండి. ఒకరు కాగితం పైకి చదవాలి, ఒకరే కూర్చాలి, మూడోవారు మాట్లాడకూడదు. ఓ-రింగులను ముందే లెక్కపెట్టి బల్ల మీద వరుసగా పెట్టుకుంటే చివర ఒకటి మిగిలినా తక్కువైనా వెంటనే తెలుస్తుంది. ఒకటి మిగిలితే ఎంత ఆలస్యమైనా మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. గ్రీజు కాగితం చెప్పిన చోటే రాయాలి, ఇంధనానికీ డిలే ముఖానికీ అంటకూడదు. క్లోజరును చేత్తో బిగించాలి, పానా అవసరమైందంటే లోపల ఏదో సరిగా కూర్చోలేదని గుర్తు.

ఇగ్నైటర్‌ను ప్రయోగ స్తంభం దగ్గర, రాకెట్ నిలువుగా నిలిచాకే పెట్టాలి. ఒకే మోటారు ఉన్న రాకెట్‌కు జె వరకు 100 అడుగులు, కె అయితే 200, ఎల్ అయితే 300 అడుగులు కనీస దూరం. బటన్ నొక్కినా అంటుకోకపోతే సేఫ్టీ కీ తీసి, కనీసం 60 సెకండ్లు ఆగి, రేంజి (ప్రయోగ మైదానం) అధికారి అనుమతిస్తేనే దగ్గరికి వెళ్ళాలి.

చివరి నిమిషంలో మీ దగ్గరున్న కేసు పత్రంలో లేదని తేలితే, అదే మైదానంలో విక్రేతల దగ్గర గానీ మార్గదర్శి దగ్గర గానీ సరైన కేసు అద్దెకో అరువుకో దొరుకుతుందేమో అడగండి. దొరకకపోతే రీలోడ్‌ను పొట్లం విప్పకుండా విక్రేతకు తిరిగి ఇచ్చేయండి, ఆ రోజు రాకెట్ ఎగరదని బృందానికి మీరే చెప్పండి.