చరిత్రను తూచి చదవడం – 3వ పాఠం: లే డువాన్, నిర్ణయాల పట్టిక

గత పాఠంలో తేదీలను సరిచూసుకోవడం నేర్చుకున్నాం. హో చి మిన్ 1969 సెప్టెంబర్ 2న చనిపోయారు. ఆ రోజు జాతీయ దినం కావడంతో సెప్టెంబర్ 3 అని ప్రకటించారు. అసలు తేదీని వియత్నాం కమ్యూనిస్టు పార్టీ 1989లో గానీ బయటపెట్టలేదు. ఈసారి ఇంకొంచెం కష్టమైన పని చేద్దాం. ఒకే నాయకుడిని కొందరు దేశాన్ని ఏకం చేసిన వీరుడు అంటారు, కొందరు లక్షల ప్రాణాలను పట్టించుకోని మొండివాడు అంటారు. అలాంటి మనిషి చరిత్రను ఎలా చదవాలి?

నేను చెప్పే పద్ధతి ఒక్కటే. మనిషిని కాసేపు పక్కన పెట్టి, అతను తీసుకున్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా చదవండి. పొగడ్తయినా నిందయినా పేరుకు కాకుండా నిర్ణయానికి చెందాలి.

ఈ పాఠానికి లే డువాన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. వియత్నాం గురించి ఎంతో కొంత చదివిన తెలుగువాళ్లకు హో చి మిన్ తెలుసు, జనరల్ జియాప్ తెలుసు. కానీ 1960 నుంచి 1986లో చనిపోయేదాకా ఆ పార్టీకి నాయకుడిగా ఉన్న మనిషి పేరు చాలామంది వినలేదు. అమెరికాతో జరిగిన యుద్ధమంతా ఈ కాలంలోకే వస్తుంది. ఫొటోల్లో కనిపించేది ఒకరు, సమావేశంలో మాట నెగ్గించుకునేది ఇంకొకరు. ఈ తేడాను పట్టుకోవడమే ఈరోజు మన సాధన.

అతని నేపథ్యం క్లుప్తంగా చూద్దాం. 1907లో మధ్య వియత్నాంలోని క్వాంగ్ ట్రి ప్రాంతంలో పుట్టాడు. రైల్వేలో గుమాస్తాగా పనిచేశాడు. 1930లో పార్టీ పుట్టినప్పుడే అందులో చేరాడు. ఫ్రెంచివాళ్లు రెండుసార్లు జైల్లో పెట్టారు. మొదటిసారి 1931 నుంచి 1936 దాకా, రెండోసారి 1940 నుంచి 1945 దాకా. కోన్ డావ్ దీవి జైలు అందులో భాగం. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లతో పోరాటం సాగినంత కాలం దక్షిణాన పార్టీ పనిలో ఉన్నాడు. 1954లో జెనీవా ఒప్పందంతో దేశం కమ్యూనిస్టుల ఉత్తరంగా, అమెరికా అండ ఉన్న దక్షిణంగా రెండైనప్పుడు చాలామంది కార్యకర్తలు ఉత్తరానికి వెళ్లిపోయారు. అతను రహస్యంగా దక్షిణంలోనే ఉండిపోయాడు. ఈ చివరి వాక్యం కింద గీత గీసుకోండి. తర్వాత అతను చేసిన వాదనలన్నిటికీ వేరు అక్కడే ఉంది.

ఇప్పుడు నోటుబుక్కు తీసి అయిదు గళ్ల పట్టిక గీయండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో నిర్ణయం. మూడో గడిలో అప్పుడు అధికారం ఎవరి చేతిలో ఉందో రాయండి. నాలుగో గడి ఆ రోజుకు వాళ్లకు తెలిసిన విషయాలకు, అయిదో గడి తర్వాత జరిగినదానికి. నాలుగు, అయిదు గళ్లను కలపకుండా ఉంచడమే ఇందులో అసలు కష్టం. 1975లో గెలిచారని మనకు తెలుసు కాబట్టి అంతకు ముందు వేసిన ప్రతి అడుగూ తెలివైనదిగా కనిపిస్తుంది. 1986లో ఆ దేశం ఆకలితో ఉందని కూడా తెలుసు కాబట్టి అదే మనిషి వేసిన ప్రతి అడుగూ తప్పుగా కనిపించే ప్రమాదమూ ఉంది.

మొదటి వరస కలిసి నింపుదాం. తేదీ 1959 జనవరి. ఉత్తర రాజధాని హనోయ్‌లో పార్టీ కేంద్ర కమిటీ 15వ ప్లీనం, అంటే సభ్యులంతా కూర్చునే సమావేశం, జరిగింది, దక్షిణంలో సాయుధ పోరాటానికి దారి తెరిచింది. అధికారం? భూసంస్కరణల్లో జరిగిన ఘోరమైన తప్పుల వల్ల 1956లో ట్రువాంగ్ చిన్ పార్టీ కార్యదర్శి పదవి పోగొట్టుకున్నాడు. ఆ బాధ్యత హో చి మిన్ తీసుకున్నారు. 1957లో లే డువాన్‌ను దక్షిణం నుంచి పిలిపించారు, రోజువారీ పని క్రమంగా అతని చేతికి వచ్చింది. తెలిసిన విషయాలు? దేశాన్ని మళ్లీ కలపడానికి 1956లో జరగాల్సిన ఎన్నికలు జరగలేదు. దక్షిణాన్ని పాలిస్తున్న న్గో దిన్ డియెమ్ ప్రభుత్వం అక్కడి పార్టీ యంత్రాంగాన్ని వేటాడుతోంది. అక్కడి కార్యకర్తలు ఆయుధాలు పట్టుకోనివ్వమని అడుగుతున్నారు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చూసుకోండి. సంచార సైనిక కోర్టులతో మరణశిక్షలు వేయించిన డియెమ్ చట్టం, 10/59, వల్లే ఈ నిర్ణయం జరిగిందనే వివరణ ఎక్కడైనా ఎదురుకావచ్చు. ఆ చట్టం 1959 మేలో వచ్చింది, ప్లీనం మొదలైంది జనవరిలో. కాబట్టి కారణం ఆ చట్టం కాదు, అంతకు ముందు కొన్నేళ్లుగా సాగిన అణచివేత. గత పాఠం సరిగ్గా ఇలాంటి చోటే పనికొస్తుంది.

రెండో వరస 1963 డిసెంబర్. నవంబర్‌లో డియెమ్ హత్యకు గురయ్యాడు. దక్షిణ రాజధాని సైగాన్‌లో అయోమయం. అమెరికా పూర్తిగా దిగకముందే దక్షిణంలో యుద్ధాన్ని తేల్చేయాలని 9వ ప్లీనం నిర్ణయించింది. ఇది ఏకగ్రీవంగా, నల్లేరు మీద నడకలా జరిగిందనుకోవద్దు. ముందు ఉత్తరాన్ని నిర్మించుకుందాం, సోవియట్లు చెప్పినట్టు శాంతియుతంగా నడుద్దాం అనేవాళ్లు పార్టీలో ఉన్నారు. వాళ్లమీద రివిజనిస్టులన్న, అంటే సిద్ధాంతాన్ని పలుచన చేసేవాళ్లన్న, ముద్ర పడింది.

మూడో గడిని నింపేటప్పుడు పదవుల పేర్లతో ఆగిపోకూడదు. పదవులు పంచేది ఎవరో చూడాలి. పార్టీ సంస్థాగత విభాగం లే డుక్ థో చేతిలో ఉంది. పారిస్‌లో కిసింజర్‌తో చర్చలు జరిపి, 1973లో నోబెల్ శాంతి బహుమతిని వద్దన్న మనిషి అతనే. లే డువాన్‌కు అత్యంత సన్నిహితుడు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరిమీద విచారణ జరపాలి అన్నవి ఆ విభాగం గుండా వెళ్లేవి. 1967లో అరెస్టులు మొదలయ్యాయి. ఫిలాసఫీ సంస్థను నడిపిన హోయాంగ్ మిన్ చిన్, ఒకప్పుడు హో చి మిన్‌కు కార్యదర్శిగా ఉన్న వు దిన్ హుయిన్ లాంటివాళ్లను కోర్టు విచారణ లేకుండా ఏళ్ల తరబడి నిర్బంధించారు. అదే యుద్ధం కోసం పనిచేసిన మనుషులు వాళ్లు. యుద్ధం గెలిచింది కదా అని ఈ విషయాన్ని పట్టికలోంచి తీసేయకండి. నా దృష్టిలో లే డువాన్ మీద ఉన్న ఆరోపణల్లో తప్పించుకోలేనిది ఇదే.

ఇప్పుడు 1968. ఈ వరసకు ఒక పేజీ వదలండి.

టెట్, అంటే చాంద్రమాన కొత్త సంవత్సరం పండగ, జనవరి చివర్లో వచ్చింది. దక్షిణంలో వందకు పైగా పట్టణాల మీద ఒకేసారి దాడి చేశారు. సైనిక దాడి మొదలవగానే నగరాల్లో జనం తిరగబడతారు, సైగాన్ ప్రభుత్వం కూలిపోతుంది అన్నది ప్రణాళిక. లే డువాన్ గట్టిగా నమ్మిన సిద్ధాంతం ఇదే. సైనిక పథకం జనరల్ వాన్ టియెన్ డుంగ్‌తో కలిసి తయారైంది. ఆ సమయంలో జియాప్ చికిత్స కోసం హంగరీలో ఉన్నాడు, హో చి మిన్ చికిత్స కోసం చైనాలో ఉన్నారు. వాళ్లిద్దరికీ ఈ ప్రణాళిక మీద సందేహాలు ఉన్నాయనీ, వాళ్లను పక్కకు జరిపారనీ కొందరు పరిశోధకులు అంటారు. పార్టీ అధికారిక చరిత్ర మాత్రం అంతా సమష్టి నిర్ణయమనే చెబుతుంది. ఇలాంటప్పుడు మూడో గడిలో రెండు వాదనలూ రాసి, ఏది ఎవరి మాటో పక్కన గుర్తు పెట్టండి.

ఫలితం? జనం తిరగబడలేదు. దాడి చేసినవాళ్లలో వేల మంది చనిపోయారు. మేలో, ఆగస్టులో మళ్లీ దాడులు చేయించారు, నష్టం ఇంకా పెరిగింది. దక్షిణంలోని స్థానిక గెరిల్లా బలం ఎక్కువగా నలిగిపోయింది అక్కడే. హ్యూ నగరాన్ని దాదాపు నెల రోజులు పట్టుకున్నారు. తర్వాత అక్కడ సామూహిక సమాధుల్లో పౌరుల శవాలు బయటపడ్డాయి. ఇటు అమెరికాలో, గెలుస్తున్నాం అని ఏళ్లుగా చెప్పిన ప్రభుత్వం మాట మీద జనానికి నమ్మకం పోయింది. మార్చి 31న ప్రెసిడెంట్ జాన్సన్ ఉత్తరం మీద బాంబు దాడులను తగ్గిస్తున్నట్టు, తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు.

ఇప్పుడు తూచండి. నాలుగో గడిలో రాసిన ఆశ, అంటే నగరాల తిరుగుబాటు, జరగలేదు. అయిదో గడిలో మాత్రం నిర్ణయం తీసుకున్నవాళ్లు ప్రధానంగా లెక్క వేసుకోని లాభం ఉంది. ఆ లాభాన్ని లే డువాన్ దూరదృష్టి ఖాతాలో వేయవచ్చా? వేయకూడదని నా అభిప్రాయం. అమెరికా మనసు మార్చాలన్నది కూడా వాళ్ల లక్ష్యాల్లో ఒకటేనని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనకు బలముంది. అయినా మొదటి దాడి చూసిన తర్వాత కూడా మే, ఆగస్టు దాడులకు పంపిన నిర్ణయాన్ని అది సమర్థించదు. మేలో ఆ నష్టం తెలిసిన విషయమే. కాబట్టి ఆ దాడులకు విడిగా ఒక వరస కేటాయించండి. ఒకే పేరుతో పిలిచే సంఘటనలో రెండు మూడు నిర్ణయాలు దాగి ఉంటాయి.

ఈ యుద్ధంలో దాదాపు 11 లక్షల మంది తమ యోధులు, దాదాపు 20 లక్షల మంది పౌరులు చనిపోయారని వియత్నాం ప్రభుత్వమే 1995లో అంచనా ఇచ్చింది. పట్టిక నింపుతున్నప్పుడు ఆ సంఖ్యను పేజీ పైన రాసి ఉంచుకోండి.

1975 తర్వాతి వరసలు తొందరగా సాగుతాయి. ఏప్రిల్ 30న సైగాన్ లొంగిపోయింది, 1976లో దేశం ఒకటైంది. దక్షిణ ప్రభుత్వంలో పనిచేసినవాళ్లను పునర్విద్య పేరుతో శిబిరాల్లో పెట్టారు, కొందరు పదేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. 1978లో దక్షిణంలోని ప్రైవేటు వ్యాపారాన్ని మూయించారు. లక్షల మంది పడవల్లో సముద్రం మీద పడ్డారు. సమష్టి సేద్యంతో పంట తగ్గింది. 1985 సెప్టెంబర్‌లో కరెన్సీ మార్చారు, మరుసటి ఏడు ధరలు ఏడు రెట్లకు పైగా పెరిగాయి. లే డువాన్ 1986 జూలై 10న చనిపోయాడు, డిసెంబర్‌లో పార్టీ మార్కెట్‌కు తలుపు తెరిచే దోయ్ మోయ్ సంస్కరణలు ప్రకటించింది. అయితే 1981లోనే రైతు కుటుంబాలకు కాంట్రాక్టు పద్ధతిలో కొంత స్వేచ్ఛ ఇచ్చారు. అది కూడా అతని హయాంలోనే జరిగింది. దీన్ని వదిలేస్తే పట్టిక తప్పవుతుంది.

అభ్యాసం. 1978 డిసెంబర్ వరసను మీరే నింపండి. కంబోడియాను పాలిస్తున్న పోల్ పాట్ పార్టీ ఖ్మేర్ రూజ్ దళాలు సరిహద్దు దాటి వియత్నాం ఊళ్ల మీద పడుతున్నాయి. ఏప్రిల్‌లో బా చుక్‌లో మూడు వేలకు పైగా పౌరులను చంపారు. నవంబర్ 3న వియత్నాం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. డిసెంబర్ 25న కంబోడియాలోకి పెద్ద సైన్యం వెళ్లింది, జనవరి 7న దాని రాజధాని నామ్ పెన్ పడిపోయింది, పోల్ పాట్ పాలన ముగిసింది. ఫిబ్రవరి 17న చైనా ఉత్తరం నుంచి దాడి చేసింది. కంబోడియాలో వియత్నాం సైన్యం 1989 దాకా ఉంది. నామ్ పెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని 1980లో భారత్ గుర్తించింది, ఐక్యరాజ్యసమితిలో మాత్రం ఖ్మేర్ రూజ్‌వాళ్ల సీటు కొనసాగింది.

ఇందులో వెళ్లడం ఒక నిర్ణయం, పదేళ్లు ఉండిపోవడం ఇంకో నిర్ణయం. రెండు వరసలుగా రాయండి. రెండింటికీ మీ తీర్పు ఒకటే అయితే, నాలుగో గడిని మరోసారి చూసి కారణం ఒక పేరాలో రాయండి.

వచ్చే పాఠంలో మూలపత్రాలు చదువుదాం. దక్షిణంలోని నాయకులకు లే డువాన్ రాసిన ఉత్తరాలు 1985లో, అతను బతికి ఉండగానే, హనోయ్‌లో పుస్తకంగా వచ్చాయి. అధికారంలో ఉన్న మనిషి తన పాత ఉత్తరాలను తానే అచ్చు వేయించుకున్నప్పుడు వాటిని ఎంతవరకు సాక్ష్యంగా తీసుకోవాలి అన్నదానితో మొదలుపెడదాం. అప్పటికి పట్టికలో కనీసం 1959, 1963, 1968 వరసలు పూర్తిచేసి ఉంచండి.