9.45 నుంచి 11.20 దాకా ఎంతసేపు? మా అమ్మాయికి ఇలా అర్థమైంది

మా అమ్మాయి నాలుగో తరగతి. బస్సు 9.45కు బయలుదేరి 11.20కి చేరితే ప్రయాణం ఎంతసేపని అడిగితే, 1120లోంచి 945 తీసేసి "1 గంట 75 నిమిషాలు" అని రాసేది. అప్పు తెచ్చిన గంటను 100 నిమిషాలుగా లెక్కిస్తోందన్నమాట. ఎక్కాలు వల్లె వేయించడం, బొమ్మ గడియారం ముళ్లు తిప్పించడం, అప్పు తెచ్చినప్పుడు 60 కలపమనడం ఏవీ పనిచేయలేదు.

చివరికి తీసివేతే మాన్పించాను. వరండాలో సుద్దముక్కతో పొడవాటి గీత గీసి, ఒక చివర 9.45, మరో చివర 11.20 రాశాను. మధ్యలో 10, 11 తననే పెట్టమన్నాను. ముందు నిండు గంటకు గెంతాలి: 10కి 15 నిమిషాలు. తర్వాత 11కు ఒక గంట. ఆపైన 20 నిమిషాలు. ప్రతి గెంతు దగ్గరా ఎంతో తనే రాసింది. కలిపితే 1 గంట 35 నిమిషాలు. "మరి 75 ఎలా వచ్చింది?" అంటూ పాత నోటుపుస్తకం తనే తెచ్చుకుని వెతికింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

దూరం లెక్కలు వారం ఆగి మొదలుపెట్టాను. అదే గీత కింద కిలోమీటర్లు: గంటకు 40 అయితే అరగంటకు 20, పావుగంటకు 10. సూత్రం చెప్పకుండానే 1 గంట 45 నిమిషాలకు 70 అని చెప్పింది.

పక్కింటి బాబుకు మాత్రం ఇది వెంటనే పట్టుబడలేదు. వాడికి ముందు ఐదేసి చొప్పున లెక్కించడం నేర్పాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటే రైలు లెక్కలు మేమింకా ప్రయత్నించలేదు.