స్నార్కెల్ మాస్క్‌కి ఆవిరి పట్టడం ఇలా ఆగింది

పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటాం, సెలవొస్తే హావ్‌లాక్ దీవిలో ఈత. నీళ్ల అడుగున చూడ్డానికి పెట్టుకునే కొత్త మాస్క్‌తో తల ముంచిన రెండు నిమిషాలకే అద్దం తెల్లబడేది. చిలకచేప పగడాన్ని కొరికే చప్పుడు వినిపించేది, చేప కనిపించేది కాదు. ఎంత బాధో!

ఉమ్మి రాయడం, పట్టీ బిగించడం పనిచేయలేదు.

కొత్త అద్దానికి లోపల తయారీలో మిగిలిన సిలికాన్ పొర ఉంటుంది, ఆవిరి పట్టేది దానివల్లే. ముందు శనగగింజంత తెల్ల టూత్‌పేస్ట్, జెల్ వద్దు, పొడి అద్దం లోపల అంచుల దాకా వేలితో ఐదు నిమిషాలు రుద్దాను. మంచినీళ్లతో కడిగి మళ్లీ రుద్దాను, మొత్తం మూడుసార్లు. నీళ్లలోకి దిగేముందు ఒక చుక్క బేబీ షాంపూ పూసి, సముద్రపు నీటితో ఒక్కసారే కడిగాను. ముఖం తడిపి చల్లబడ్డాకే పెట్టుకున్నాను. 40 నిమిషాలు అద్దం తేటగా ఉంది!

నాది టెంపర్డ్ గ్లాస్, అంటే గట్టిపరిచిన గాజు. ప్లాస్టిక్ అద్దమైతే గీతలు పడొచ్చు, రుద్దకండి. షాంపూ మాత్రం ప్రతిసారీ పూయాల్సి వస్తోంది.