డి డ్రైవ్‌ల పెట్టినయి నాస్‌కు పోతున్నయా, ఒకసారి చూస్కోండ్రి

మన దిక్కు ఎవల సిస్టం జూసినా ఫోటోలన్నీ డి డ్రైవ్‌లనే ఉంటయి, ఎందుకంటే ఫార్మాట్ కొట్టేటోడు "సీ ల ఏం పెట్టకు అన్నా, పోతయి" అని చెప్పి పోతడు. నేను గూడ గంతే. హన్మకొండల మా ఇంట్ల నాస్ (రూటర్‌కు తగిలిచ్చే హార్డ్ డిస్కుల డబ్బా) పెట్టిన, విండోస్‌ల ఫైల్ హిస్టరీ (ఫైళ్లకు దానంతటదే కాపీ తీసేది) ఆన్ చేసిన, ఇగ ఫికర్ లేదనుకున్న. హార్డ్ డిస్క్ టక్కు టక్కుమని కొట్టుకొని పోయినంక నాస్ తెరిస్తే డెస్క్‌టాప్ మీది పాత కరెంటు బిల్లులున్నయి గని 2024 మేడారం జాతరల మా బిడ్డకు ఎత్తు బంగారం జోకిన ఫోటోలు లేవు! సీ, డి ఒక్కటే డిస్క్‌ల రెండు అర్రలాయె, ఇల్లే కూలినంక ఏ అర్రల దాస్తే ఏంది.

సంగతేందంటే ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్, లైబ్రరీలు (పిక్చర్స్, డాక్యుమెంట్స్ అసొంటియి), కాంటాక్ట్స్, ఫేవరెట్స్ ఇవే తీస్కుంటది, డి దిక్కు చూడనే చూడదు. అందుకే ముందుగాల డి ల ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి (విండోస్ 11 అయితే షో మోర్ ఆప్షన్స్‌కు పోయి) ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ నొక్కి పిక్చర్స్‌ల కలపాలె.

నాస్‌ల బ్యాకప్‌కని వేరే యూజర్, వేరే షేర్డ్ ఫోల్డర్ చేయుండ్రి. రూటర్‌ల నాస్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల దాని నంబరు) మారకుండ రిజర్వ్ చేయుండ్రి, లేకుంటే కరెంటు పోయొచ్చినంక ఐపీ మారి బ్యాకప్ సప్పుడు జేయక ఆగిపోవచ్చు. ఇగ కంట్రోల్ ప్యానెల్‌ల ఫైల్ హిస్టరీ, సెలెక్ట్ డ్రైవ్, యాడ్ నెట్‌వర్క్ లొకేషన్: రెండు బ్యాక్‌స్లాష్‌లు, నాస్ ఐపీ, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు. టర్న్ ఆన్. మామూలుగ గంటకోసారి కాపీ తీస్తది.

మొదటిసారి వైఫై మీద పెట్టకుండ్రి, లాన్ వైర్ గుంజుండ్రి. రూటర్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దైతే సెకనుకు 11 ఎంబీ దాక పోతది, 300 జీబీకి ఏడెనిమిది గంటలు, రాత్రి పెట్టి పండుకోవాలె. గిగాబిట్ అయితే గంట, అటు ఇటు. నాస్‌కు చిన్న యూపీఎస్ ఉండాలె, ఎండకాలం కరెంటు సంగతి తెల్సిందే కదా.

రెండు డిస్కులతోని రెయిడ్ (రెండిట్ల ఒక్కతీరే రాసుకునేది) ఉంది గద అంటరు కొందరు, అండ్ల ఒక దాంట్ల డిలీట్ అయితే రెండోదాంట్ల గూడ పోతది, అది డిస్క్ పాడైతెనే అక్కరకొస్తది.

అయిపోయినంక డి ల పనికిరాని ఫోటో ఒకటి డిలీట్ చేసి, రిస్టోర్ పర్సనల్ ఫైల్స్‌ల నుంచి తిరిగి తెచ్చుకొని చూడుండ్రి. రాలేదంటే ముందుగాల లైబ్రరీ కాడ తప్పిందేమో చూడుండ్రి. నా జాతర ఫోటోలు మా బావమరిది వాట్సాప్‌ల రెండు దొరికినయి, మసక మసకగ.